గుర్రాల్లో మంచి సంతతి తీయడం ఎలా? జత ఎంపిక నుంచి పిల్లను అంచనా వేసేదాకా

"నా దగ్గర మంచి ఆడగుర్రం ఉంది, దీనికి ఏ మగగుర్రంతో జత కట్టిస్తే బాగుంటుంది?" అందరూ అడిగేది ఇదే. కానీ ఈ ప్రశ్న రావాల్సింది నాలుగో మెట్టు దగ్గర. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అసలు ఈ గుర్రానికి పిల్ల తీయాలా, వద్దా?

గుర్రం దాదాపు 11 నెలలు మోస్తుంది. ఏడాదికి ఒక్క పిల్లే. ఆ పిల్ల మీద సవారీ మొదలుపెట్టి దాని సత్తా చూడాలంటే ఇంకో 3, 4 ఏళ్లు. అంటే ఇవాళ తీసుకున్న నిర్ణయం తప్పో ఒప్పో తెలియడానికి అయిదేళ్లు పడుతుంది. కోళ్లలోనో మేకల్లోనో అయితే ఈలోగా ఎన్నో తరాలు చూసేయొచ్చు. గుర్రాల్లో ఆ వీలు లేదు కాబట్టి, బాగున్నదాన్ని వెతకడం కంటే పనికిరానిదాన్ని ముందే పక్కన పెట్టడం మీద ఎక్కువ బుర్ర పెట్టాలి.

కావలసినవి

- ఆడగుర్రం, దాని వంశావళి. కనీసం 4 తరాలు దొరికితే మంచిది. పూర్తిగా దొరక్కపోతే తల్లి, తండ్రి, తోబుట్టువుల వివరాలైనా ఉండాలి.
- గుర్రాల పునరుత్పత్తి మీద అనుభవం, అల్ట్రాసౌండ్ యంత్రం ఉన్న పశువైద్యుడు. ఆవుల్ని చూసే డాక్టరు గారు ఎంత మంచివారైనా, గుర్రాల గర్భం చూసిన అనుభవం వేరు.
- జన్యు పరీక్షకు జూలు వెంట్రుకలు, కుదుళ్లతో సహా. తెగిన వెంట్రుకలు పనికిరావు.
- కొలత టేపు, ఫోన్ కెమెరా, ఒక నోటుబుక్కు.
- ఈనడానికి విశాలమైన, పొడిగా ఉండే గది. శుభ్రమైన గడ్డి పరుపు.
- వైద్యానికి, అత్యవసర ఆపరేషన్‌కు పక్కన పెట్టిన డబ్బు. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- పుట్టిన పిల్ల అమ్ముడుపోకపోతే దాన్ని పెంచగల స్తోమత.

1. ఏం కావాలో రాసుకోండి

"మంచి గుర్రం" అని రాస్తే ఉపయోగం లేదు. దూరప్రయాణానికా, పందేనికా, పిల్లలు నేర్చుకునే సవారీకా, బండికా? దాన్నిబట్టి 2 లేదా 3 లక్షణాలు మాత్రమే ఎంచుకోండి. ఉదాహరణకు దూరప్రయాణపు గుర్రం కావాలంటే గట్టి గిట్టలు, తిన్నని కాళ్లు, నెమ్మది స్వభావం.

పది లక్షణాలు రాసుకుంటే ఏంటి నష్టం? ఒకదానితో ఒకటి సంబంధం లేని లక్షణాల కోసం ఒకేసారి ఎంపిక చేస్తే, ఒక్కోదానిలో వచ్చే మెరుగుదల ఆ సంఖ్య వర్గమూలం లెక్కన తగ్గుతుంది. 4 లక్షణాలు పెట్టుకుంటే ఒక్కోదానిలో ప్రగతి సగమే. 9 పెట్టుకుంటే మూడో వంతు. ఏడాదికి ఒక్క పిల్ల పుట్టే జీవంలో అది కంటికి కూడా కనిపించదు.

ఇంకో మాట. అన్ని లక్షణాలూ ఒకే స్థాయిలో సంక్రమించవు. ఎత్తు బాగా సంక్రమిస్తుంది. ఒంటి తీరు, కాళ్ల తీరు ఓ మోస్తరుగా. చూలు నిలిచే శక్తి చాలా తక్కువ, అందులో పోషణదీ పరిసరాలదీ పెద్ద వాటా. పందెం గెలుపు లాంటి వాటిలో శిక్షణ, రౌతు, మేత అన్నీ కలిసిపోతాయి కాబట్టి, గెలిచిన గుర్రం పిల్ల గెలుస్తుందని లెక్క కట్టడం ప్రమాదం.

2. ఆడగుర్రాన్ని నిర్మొహమాటంగా చూడండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మన గుర్రం మనకు ముద్దు. అందుకే తెలిసిన ఇంకొకరిని పిలిచి, వాళ్లు చెప్పేది అడ్డు తగలకుండా రాసుకోండి.

గట్టి, చదునైన నేల మీద నిలబెట్టండి. గడ్డిలో నిలబెడితే గిట్టలు దాక్కుంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే, భుజం కొస నుంచి దారం వేలాడదీసినట్టు ఊహించుకోండి. అది మోకాలి మధ్య నుంచి, గిట్ట మధ్య నుంచి దిగాలి. పక్క నుంచి వెనక కాలు చూసేటప్పుడు, పిరుదు కొస నుంచి దిగిన దారం మడమ కీలు వెనక అంచును తాకి, నాళం (ఆ కీలు కింద ఉండే పొడుగు ఎముక) వెంబడే కిందికి రావాలి. మడమ కీలు కింది భాగం ముందుకు వాలి కాలు కొడవలిలా కనిపిస్తే రాసుకోండి. ముందు మోకాలు వెనక్కి వంగినట్టుంటే ఎర్రసిరాతో రాసుకోండి, పరుగులో ఆ కీలు మీద పడే భారం చాలా ఎక్కువ.

తర్వాత నడిపించండి. మీ వైపు 20 అడుగులు, మీ నుంచి దూరంగా 20 అడుగులు. ఆపైన దుడుకు నడక. ఫోన్‌ను నేలకు దగ్గరగా పెట్టి స్లో మోషన్‌లో తీయండి. గిట్ట లోపలికి తిరుగుతూ ఎగురుతోందా, బయటికి విసురుతోందా, రెండు కాళ్లు రాసుకుంటున్నాయా అన్నది మామూలు కంటికంటే ఇందులో తేటగా కనిపిస్తుంది.

నోరు తెరిచి పళ్లు చూడండి. పైపళ్లు కింది పళ్లను దాటి ముందుకు వచ్చి, చిలక ముక్కులా ఉంటే సంతతికి వాడకపోవడమే మేలు.

పుట్టుకతో వచ్చిన లోపాన్నీ, దెబ్బ వల్ల వచ్చిన లోపాన్నీ కలిపేయకండి. తీగలో చిక్కుకుని కాలు చీరుకున్న గుర్రం కుంటవచ్చు. ఆ కుంటు పిల్లకు రాదు. కానీ కాలి తీరు సరిగా లేక, ఏ దెబ్బా తగలకుండానే అయిదేళ్లకే కీళ్లు అరిగిపోయిన గుర్రం ఆ కాళ్లనే పిల్లకు ఇస్తుంది. "సవారీకి ఎలాగూ పనికిరాదు, పిల్లలైనా తీద్దాం" అన్న ఆలోచన నాకు అస్సలు నచ్చనిది. ముందు అది ఎందుకు పనికిరాకుండా పోయిందో తేల్చండి.

స్వభావాన్ని పక్కన పెట్టొద్దు. తల్లి పిల్లకు సగం జన్యువులు ఇవ్వడమే కాదు, మొదటి అయిదారు నెలలు పక్కనే ఉండి పెంచుతుంది. మనిషి కనిపిస్తే చెవులు వెనక్కి వాల్చే తల్లి దగ్గర పెరిగిన పిల్లా అదే నేర్చుకుంటుంది.

వయసు: మూడేళ్లు నిండకుండా చూలు కట్టించొద్దు. నాలుగేళ్లు దాటితే ఇంకా నయం. పదిహేనేళ్ల దగ్గర్నుంచి చూలు నిలిచే అవకాశం తగ్గుతూ వస్తుంది, అందులోనూ మొదటిసారి చూలు అయితే ఇంకా కష్టం.

3. పరీక్షలు చేయించండి

ఇందులో రెండు భాగాలున్నాయి, రెండూ తప్పనిసరి.

మొదటిది పునరుత్పత్తి పరీక్ష. గర్భాశయం అల్ట్రాసౌండ్, స్వాబ్ తీసి సూక్ష్మజీవుల పరీక్ష, మానం ఎలా మూసుకుంటోందో చూడటం. మానం పైభాగం లోపలికి వాలి సరిగా మూసుకోకపోతే గాలి, పేడ లోపలికి చేరి గర్భాశయంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. పైభాగాన్ని కుట్టి సరిచేసే చిన్న ఆపరేషన్ ఉంది. గుర్తుంచుకోండి, ఈనే ముందు ఆ కుట్టు విప్పించాలి. మర్చిపోతే చీరుకుపోతుంది.

గుర్రాల అంటు గర్భాశయ వాపు, వైరల్ ఆర్టిరైటిస్ (వైరస్ వల్ల వచ్చే రక్తనాళాల వాపు), ఇన్‌ఫెక్షియస్ అనీమియా (వైరస్ వల్ల వచ్చే రక్తహీనత) పరీక్షలు ఆడదానికీ మగదానికీ ఇద్దరికీ కావాలి. "అవతలివాళ్లు చేయించామన్నారు" అంటే కుదరదు. రిపోర్టు తేదీతో సహా చూడండి.

రెండోది జన్యు పరీక్ష. జాతిని బట్టి ఏది అడగాలో మారుతుంది.

- అరేబియన్ రక్తం ఉంటే: ఎస్‌సీఐడీ, సెరిబెల్లార్ అబియోట్రోఫీ (మెదడు దెబ్బతిని నడక అదుపు తప్పే జబ్బు), లావెండర్ ఫోల్ సిండ్రోమ్ (పిల్లల ప్రాణం తీసే నరాల జబ్బు). ఎస్‌సీఐడీ ఉన్న పిల్లకు రోగనిరోధక శక్తి ఉండదు, సాధారణంగా 5 నెలల లోపే చనిపోతుంది.
- క్వార్టర్ హార్స్, పెయింట్ రక్తం ఉంటే: హెచ్‌వైపీపీ (కండరాల జబ్బు, వివరం కింద ఉంది), హెర్డా (చర్మం వదులై చిరిగే జబ్బు), జీబీఈడీ (ఒంట్లో శక్తి నిల్వ కుదరక పిల్ల చనిపోయే జబ్బు), పీఎస్‌ఎస్‌ఎం1 (కండరాలు బిగుసుకునే జబ్బు), మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా (మత్తుమందు ఇస్తే ఒంటి వేడి విపరీతంగా పెరిగే జబ్బు).
- వార్మ్‌బ్లడ్ అయితే: ఫ్రాజైల్ ఫోల్ సిండ్రోమ్. ఇది వచ్చిన పిల్ల చర్మం ముట్టుకుంటేనే చిరిగిపోతుంది.
- తెల్ల మచ్చల ఫ్రేమ్ ఓవరో రంగు వంశంలో ఎక్కడున్నా: లీథల్ వైట్ పరీక్ష. రెండు వైపుల నుంచీ ఈ జన్యువు వస్తే పిల్ల తెల్లగా పుడుతుంది, పేగుల్లో నరాలు ఉండవు, కొద్ది రోజుల్లోనే పోతుంది. పైకి మచ్చ సరిగా కనిపించని గుర్రం కూడా దీన్ని మోస్తూ ఉండొచ్చు. అందుకే కంటిచూపుతో తేల్చొద్దు.

వీటిలో చాలావాటికి లెక్క ఒకటే. తల్లి, తండ్రి ఇద్దరూ పైకి ఆరోగ్యంగా ఉండి లోపల జన్యువు మోస్తుంటే, ప్రతి చూలులోనూ పిల్లకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, జబ్బు లేకుండా మోసే అవకాశం 50 శాతం, పూర్తిగా శుభ్రంగా ఉండే అవకాశం 25 శాతం. "పోయినసారి జబ్బు పిల్ల పుట్టింది కాబట్టి ఈసారి రాదు" అన్నది లెక్క కాదు, ప్రతిసారీ పాచిక కొత్తగా పడుతుంది.

ఇద్దరిలో ఒకరు మాత్రమే మోస్తుంటే జబ్బు పిల్ల పుట్టదు. మోసే గుర్రం మిగతా అన్నిట్లో గొప్పదైతే శుభ్రమైన జతతో వాడుకోవచ్చు, పుట్టిన పిల్లకు పరీక్ష చేయిస్తే సరి. మోసేవాటినన్నిటినీ ఒక్కసారే తీసేస్తే, చిన్న జాతుల్లో మంచి రక్తం కూడా పోతుంది.

హెచ్‌వైపీపీ, పీఎస్‌ఎస్‌ఎం1, మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా మాత్రం వేరు, ఒక్క కాపీ ఉన్నా జబ్బు రావచ్చు. హెచ్‌వైపీపీలో కండరాల వణుకు, పక్షవాతం లాంటి లక్షణాలు వస్తాయి. 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే క్వార్టర్ హార్స్ నుంచి ఇది వ్యాపించింది. బలిసిన కండలతో ప్రదర్శనల్లో గెలిచి, అందుకే విపరీతంగా సంతతికి వాడారు. కండలతో పాటే జబ్బూ పాకింది. రెండు కాపీలున్న పిల్లలు 2007 నుంచి పుట్టినవైతే అమెరికన్ క్వార్టర్ హార్స్ సంఘం నమోదు చేసుకోదు.

4. ఇప్పుడు మగగుర్రం

ఫోటో చూసి ఎంచుకోకండి. ఫోటోకు నిలబెట్టే పద్ధతిలోనే సగం లోపాలు దాగిపోతాయి. దాని పిల్లల్ని చూడండి. అందులోనూ మామూలు తల్లులకు పుట్టిన పిల్లల్ని. గొప్ప తల్లులకు గొప్ప పిల్లలు పుడితే అది ఎవరి గొప్పో తెలియదు. సాదాసీదా తల్లులకు పుట్టిన అయిదారు పిల్లలు తల్లులకంటే మెరుగ్గా ఉంటే ఆ మగగుర్రంలో సరుకుంది.

పిల్లలు ఇంకా లేని కుర్ర గుర్రం అయితే దాని తల్లిని, సొంత అక్కాచెల్లెళ్లను చూసి అంచనా వేయండి.

వృషణాలు రెండూ దిగి ఉండాలి. ఒకటే దిగిన గుర్రాన్ని ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఆ లోపం సంతతికి వచ్చే అవకాశం ఉంది.

జత చూసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు: పొడుగు నడుము ఆడగుర్రానికి మరీ పొట్టి నడుము మగగుర్రాన్ని తెచ్చి, మధ్యస్థం పుడుతుందని ఆశపడటం. అలా జరగదు. ఒక పిల్ల పొడుగ్గా, ఇంకోటి పొట్టిగా, మరోటి ముందు భాగం ఒకలా వెనక భాగం ఒకలా రావచ్చు. లోపానికి మందు ఎదురు లోపం కాదు. ఆ భాగం సరిగ్గా ఉన్న గుర్రమే మందు. ఇద్దరిలోనూ ఒకే లోపం ఉంటే మాత్రం అక్కడితో ఆ జతను కొట్టేయండి.

"పెద్ద మగగుర్రం వాడితే చిన్న తల్లికి ఈనడం కష్టమా?" అని తరచూ అడుగుతారు. 1938లో వాల్టన్, హామండ్ ప్రచురించిన ప్రయోగం ఉంది. భారీ షైర్ గుర్రాలనూ పొట్టి షెట్‌లాండ్ గుర్రాలనూ అటూ ఇటూ కలిపారు. షైర్ తల్లికి పుట్టిన పిల్ల, షెట్‌లాండ్ తల్లికి పుట్టినదానికంటే దాదాపు 3 రెట్లు బరువుంది, రెండిట్లోనూ రక్తం సగం సగమే అయినా. పుట్టుక బరువును ఎక్కువగా తల్లి గర్భాశయమే అదుపు చేస్తుంది. కాబట్టి కొంచెం ఎత్తు తేడాకు టెన్షన్ పడక్కర్లేదు. అలాగని తేడా మరీ ఎక్కువుంటే జత కట్టేటప్పుడే తల్లికి దెబ్బలు తగలొచ్చు.

రంగు గురించి ఒక్క పేరా, ఎందుకంటే అడగనివాళ్లు లేరు. చెస్ట్‌నట్ (ఎర్రటి గోధుమ రంగు) జతకు చెస్ట్‌నట్ పిల్లే పుడుతుంది. పాలోమినో (బంగారు రంగు ఒళ్లు, తెల్లటి జూలు), పాలోమినో కలిపితే సగం పాలోమినో, పావు వంతు చెస్ట్‌నట్, పావు వంతు లేత క్రెమెల్లో వస్తాయి. తప్పకుండా పాలోమినోయే కావాలంటే చెస్ట్‌నట్‌నూ క్రెమెల్లోనూ కలపండి. గ్రే (వయసు పెరిగేకొద్దీ తెల్లబడే రంగు) పిల్ల పుట్టాలంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా గ్రే అయి ఉండాలి. గ్రే గుర్రాలకు వయసు మీరాక చర్మపు కంతులు ఎక్కువ అని కూడా తెలిసి ఉండండి. రంగు కోసం కాళ్లు వదులుకున్నవాళ్లను చాలామందిని చూశాం, ఇంకా చూస్తూనే ఉన్నాం.

5. రెండు వంశావళులూ పక్కపక్కన పెట్టండి

ఒకే పేరు రెండు వైపులా ఎక్కడెక్కడ ఉందో గుండ్రం గీయండి. పుట్టబోయే పిల్లలో రక్తసంబంధపు శాతం (ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం) స్థూలంగా ఇలా ఉంటుంది:

- తండ్రికి కూతురు, లేదా సొంత అన్నాచెల్లెలు: 25 శాతం
- ఒకే తండ్రి, వేరే తల్లులు ఉన్న జత: 12.5 శాతం
- తాతకు మనవరాలు: 12.5 శాతం
- అన్నదమ్ముల లేదా అక్కాచెల్లెళ్ల పిల్లల జత: 6.25 శాతం

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 6.25 శాతం దాటకుండా చూసుకుంటే మేలు. వంశంలో పైన ఇంకా కలిసే పేర్లుంటే అసలు శాతం ఇంకా పెరుగుతుంది. దగ్గరి జతల వల్ల మంచి లక్షణాలు స్థిరపడతాయన్నది నిజమే, కానీ దాగి ఉన్న చెడు జన్యువులూ అంతే సులువుగా జత కలుస్తాయి. చూలు నిలవకపోవడం, బలహీనమైన పిల్లలు పుట్టడం మొదట కనిపించే గుర్తులు. పదుల సంఖ్యలో గుర్రాలుండి, చెడ్డవాటిని తీసేయగల పెద్ద ఫారాలు చేసే పని, ఒక్క ఆడగుర్రం ఉన్నవాళ్లు చేయకూడదు.

పందెపు జాతి అయిన థరోబ్రెడ్‌లనే చూడండి. 1791లో మొదలైన జనరల్ స్టడ్ బుక్ (ఆ జాతి వంశావళి పుస్తకం) నాటి నుంచి లెక్కలు రాస్తున్నారు. నేటి థరోబ్రెడ్‌ల మగవైపు వంశాలన్నీ డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయర్లీ టర్క్ అనే 3 గుర్రాల దగ్గరికే చేరతాయి. బయటి రక్తాన్ని చేర్చుకోని అలాంటి మూసిన పుస్తకంలో దూరపు జత దొరకడమే కష్టం, కాబట్టి అక్కడ వంశావళి 5, 6 తరాలు వెనక్కి చూడాలి.

6. ఎద చూసి, సమయానికి దాటించండి

గుర్రం పొడుగు పగళ్ల కాలంలో ఎదకు వస్తుంది. 21 రోజుల చక్రం, అందులో 5 నుంచి 7 రోజులు ఎద. అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి 24 నుంచి 48 గంటల ముందు. అంటే ఎద మొదటిరోజే దాటించి ఇంటికి తీసుకొస్తే ఎక్కువగా వృథా.

ఎదను పసిగట్టడానికి మగగుర్రాన్ని గట్టి అడ్డుకర్ర అవతల నిలబెట్టి, ఆడగుర్రాన్ని దగ్గరికి నడిపించాలి. ఎద లేకపోతే చెవులు వెనక్కి వాల్చి, కీచుమని అరిచి, తన్నడానికి తిరుగుతుంది. ఎదలో ఉంటే తోక పక్కకు ఎత్తి, వెనక కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, కొద్దికొద్దిగా మూత్రం పోస్తూ, మానాన్ని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. కొన్ని గుర్రాలు, ముఖ్యంగా పిల్ల పక్కనున్న తల్లులు, ఎదలో ఉండి కూడా బయటపడవు. వాటికి అల్ట్రాసౌండే దారి. అండకోశంలో బుడగ 35 మిల్లీమీటర్లు దాటితే సమయం దగ్గరపడినట్టు.

- నేరుగా దాటించడం: ఎద 2 లేదా 3వ రోజు నుంచి, రోజు విడిచి రోజు, ఎద పోయేదాకా.
- చల్లబరిచిన వీర్యం: అండం విడుదలకు ముందు 24 గంటల లోపు.
- ఘనీభవించిన వీర్యం: అండం విడుదలకు అటూ ఇటూ కొద్ది గంటల్లోనే. డాక్టర్ రోజుకు చాలాసార్లు స్కాన్ చేయాలి, ఖర్చు ఎక్కువ. మొదటిసారికి నేను సిఫారసు చేయను.

థరోబ్రెడ్‌గా నమోదు కావాలంటే కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు, నేరుగా దాటించిందే చెల్లుతుంది. మీ జాతి సంఘం నియమాలు ముందే చదవండి.

చాలా నమోదు సంస్థలు పందెపు గుర్రాల వయసును ఉత్తరార్ధగోళంలో జనవరి 1 నుంచి, దక్షిణార్ధగోళంలో ఆగస్టు 1 నుంచి లెక్కిస్తాయి. అందుకే పందెపు ఫారాలు ఎదను ముందుకు తెస్తాయి: కావలసిన రోజుకు 60 రోజులకు పైగా ముందు నుంచి, పగటి వెలుగుతో కలిపి రోజుకు 16 గంటలు వెలుతురు. మీకు పందేలతో పని లేకపోతే ఈ హడావిడి వద్దు, సహజమైన కాలానికే దాటించండి.

హెచ్చరిక: దాటించేటప్పుడు ఆడదాని తోకకు గుడ్డ చుట్టి, మానం శుభ్రంగా కడిగి తుడవండి. పట్టుకునేవాళ్లు ఇద్దరూ ఒకే పక్కన నిలబడాలి. అటొకరు ఇటొకరు ఉంటే గుర్రాన్ని తిప్పాల్సి వచ్చినప్పుడు ఒకరు తన్ను తింటారు.

7. చూలు నిలిచిందా?

తోక ఎత్తలేదు కాబట్టి నిలిచింది అనుకోకండి. స్కాన్ చేయించండి.

మొదటి స్కాన్ అండం విడుదలైన 14 నుంచి 16 రోజుల మధ్య. ఇది ఎందుకంత ముఖ్యమంటే కవలలు. గుర్రం కవలల్ని మోయలేదు. చాలావరకు రెండూ పోతాయి, తల్లి ప్రాణానికీ ముప్పు. 16వ రోజు దాకా పిండాలు గర్భాశయంలో కదులుతూ ఉంటాయి, అప్పుడు డాక్టర్ ఒకదాన్ని చేత్తో నలిపి తీసేయగలరు. 35 రోజుల తర్వాత ఆ చూలు తీయించి అదే కాలంలో మళ్లీ కట్టించడం కూడా కష్టం. ఈ ఒక్క స్కాన్ మానేసి ఏడాది పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

రెండో స్కాన్ 28 రోజుల దగ్గర, గుండె కొట్టుకోవడం చూడటానికి. మూడోది 45 నుంచి 60 రోజుల మధ్య.

8. మోసే నెలలు

ఒంటి పుష్టికి 1983లో హెన్నెకే తయారుచేసిన 1 నుంచి 9 స్కేలు వాడండి. పక్కటెముకలు కంటికి కనిపించకూడదు, చేత్తో తడిమితే తెలియాలి. అది 5, 6 దగ్గర. మొదటి 7, 8 నెలలు మామూలు మేతే చాలు. చివరి 3 నెలల్లో పిల్ల ఎక్కువగా పెరుగుతుంది, అప్పుడు ప్రొటీన్, ఖనిజాలు పెంచాలి.

హెర్పిస్ వైరస్ టీకా 5, 7, 9 నెలల్లో. ధనుర్వాతం లాంటి మిగతా బూస్టర్లు ఈనడానికి 4 నుంచి 6 వారాల ముందు. అప్పుడే ఆ రక్షణ ముర్రుపాలలోకి దిగుతుంది. టాల్ ఫెస్క్యూ గడ్డి మేసే చోట ఉంటే చివరి 2, 3 నెలలు మార్చేయండి. ఆ గడ్డిలో ఉండే బూజు వల్ల పాలు ఎండిపోతాయి, మావి మందంగా తయారవుతుంది.

9. ఈనే రాత్రి

సగటున 340 రోజులు. 320 నుంచి 365 దాకా మామూలే. ఎక్కువగా రాత్రే ఈనుతాయి. 2 నుంచి 4 వారాల ముందు పొదుగు నిండుతుంది. చివరి రోజుల్లో చనుమొనల కొసన తేనె రంగులో మైనపు బొట్టు కనిపిస్తుంది. అది కనిపించాక చాలా గుర్రాలు 1 నుంచి 4 రోజుల్లో ఈనుతాయి.

ఉమ్మనీరు పోయాక 20 నుంచి 30 నిమిషాల్లో పిల్ల బయటికి రావాలి. ముందు రెండు గిట్టలు, అడుగులు కిందికి, వాటి మీద ముక్కు. ఒక గిట్ట కాస్త ముందు, ఇంకోటి వెనక ఉండటం మంచిదే, భుజాలు సులువుగా దిగుతాయి. గిట్టల అడుగులు పైకి ఉన్నా, ఒక్క గిట్టే కనిపించినా, 10 నిమిషాలకు పురోగతి లేకపోయినా వెంటనే ఫోన్ చేయండి.

అన్నిటికంటే ముఖ్యం: తెల్లటి పొరకు బదులు ఎర్రగా మఖమల్ లాంటి సంచి ముందు కనిపిస్తే, డాక్టర్ కోసం ఆగొద్దు. కత్తెరతో అక్కడికక్కడే చీల్చి పిల్లను లాగండి. మావి ముందే విడిపోయింది, పిల్లకు ఆక్సిజన్ అందట్లేదు.

తర్వాత 1, 2, 3 లెక్క: 1 గంటలో పిల్ల నిలబడాలి, 2 గంటల్లో పాలు తాగాలి, 3 గంటల్లో మావి పడాలి. పడిన మావిని పారేయకండి. నేల మీద పరిచి చూడండి. అది ప్యాంటులా రెండు కొమ్ములుగా ఉంటుంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న కొమ్ము కొస చిరిగిపోయి కనిపించకపోతే ఆ ముక్క లోపల మిగిలిపోయిందని అర్థం. అలా మిగిలితే గర్భాశయం కుళ్లి, గిట్టల వాపు దాకా వెళ్తుంది. మావి వేలాడుతుంటే లాగొద్దు, ముడి వేసి డాక్టర్‌ను పిలవండి.

పిల్ల పేగు మొదటి 24 గంటలే ముర్రుపాల రక్షణను పీల్చుకుంటుంది. 18 నుంచి 24 గంటల మధ్య రక్తం తీసి ఐజీజీ (రోగాల నుంచి కాపాడే ప్రొటీన్) పరీక్ష చేయించండి, 800 మిల్లీగ్రాములు డెసిలీటర్‌కు పైన ఉండాలి. తక్కువైతే ప్లాస్మా ఎక్కించాలి. పైకి హుషారుగా ఉన్న పిల్లకు కూడా ఈ పరీక్ష తప్పనిసరి.

10. ఫలితం చూడటం

ఆడగుర్రాన్ని చూసినప్పుడు రాసిన నోటుబుక్కు తీయండి. అవే అంశాలు, అవే మార్కులు, అదే గట్టి నేల. పిల్లను 3 రోజుల వయసులో, 3 నెలల వయసులో, 3 ఏళ్ల వయసులో చూడమని పాతవాళ్లు చెప్పేది అందుకే. మధ్యలో పిల్ల ఎదుగుతూ వెనక ఎత్తుగా, ముందు ఎత్తుగా మారుతూ వికారంగా కనిపిస్తుంది, అప్పుడు తీర్పు చెప్పొద్దు. పుట్టిన రోజు కాళ్లు వంకరగా ఉన్నాయని బెంగ పెట్టుకోనక్కర్లేదు, చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. 2 వారాలకూ మెరుగు కనిపించకపోతే డాక్టర్‌కు చూపించండి, గిట్టలు దిద్దడానికి సమయం తక్కువ.

రెండేళ్లకు కీళ్ల ఎక్స్‌రేలు తీయించండి. పైకి కుంటకపోయినా లోపల ఎముక ముక్కలు విడిపోయి ఉండొచ్చు.

ఒక్క పిల్లను చూసి జతను మెచ్చుకోవడమూ తిట్టడమూ వద్దు. ఒక్కో పిల్లకు తల్లిదండ్రుల జన్యువుల్లో వేర్వేరు సగం వస్తుంది. మంచి పిల్ల పుడితే, అదే మగగుర్రానికి పుట్టిన ఇతర పిల్లలతో అదే వయసులో పోల్చండి. అవీ అలాగే ఉంటే జత బాగుంది. మీదొక్కటే బాగుంటే అది అదృష్టమో, తల్లి బలమో కావచ్చు. వరసగా ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకే లోపం వస్తే మగగుర్రాన్ని మార్చండి. మార్చాక కూడా అదే వస్తే లోపం మీ ఆడగుర్రంలో ఉంది, దాన్ని సవారీకే ఉంచుకోండి.

పుట్టింది మగపిల్ల అయితే మీరు రాసుకున్న లక్ష్యాలన్నిటిలోనూ తల్లినీ తండ్రినీ దాటిందా అని అడగండి. లేకపోతే వృషణాలు తీయించండి. మంచి సవారీ గుర్రం అవుతుంది. వయసు ముదిరేదాకా ఆగితే అల్లరి అలవాటు పడుతుంది. మగపిల్ల ఏడాది దాటిన కొద్ది నెలలకే చూలు చేయగలదు. తల్లితో, అక్కాచెల్లెళ్లతో ఒకే పచ్చిక బయల్లో వదిలేస్తే 25 శాతం లెక్క మీ ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. పాలు మాన్పించే 5, 6 నెలల దగ్గరే మగపిల్లలను వేరు దొడ్డిలోకి మార్చేయండి, ఆ కంచె నడుము ఎత్తు కాదు, ఛాతీ దాటి ఉండాలి.